బెలూన్‌లో అత్తగారి చోటు

ఏలూరులో లెక్కల మాస్టారు పార్థసారథి ఎవరికీ కాదని చెప్పలేని మొహమాటస్తుడు. వద్దనలేక రోజుకు పది టీలు తాగేవాడు, పాపం!

ఒకసారి బావమరిది కుటుంబంతో కలిసి రాజస్థాన్ యాత్రకు వెళ్ళాడు. ఎనిమిది రోజులు కోటలెక్కి, కోటలు దిగి మాస్టారికి ఒళ్ళు హూనమైపోయింది. ఆఖరి రోజు జైపూర్‌లో సూర్యోదయం వేళ బెలూన్ ఎక్కే ఏర్పాటు చేశాడు బావమరిది. బుట్టలో నలుగురికే చోటు. వీళ్ళేమో ఐదుగురు.

"నేను కింద ఉంటాలే. అల్లుడుగారు వెళ్ళాలి," అంది ముందురోజు రాత్రి అత్తగారు వర్ధనమ్మ.

ఆవిడకు డెబ్బై ఏళ్ళు. బెలూన్ మాట విన్నప్పటినుంచీ ఆవిడ మొహం వెలిగిపోతూనే ఉంది. పార్థసారథి అది గమనించకపోలేదు. పైగా అతనికి మేడమీదినుంచి తొంగిచూస్తేనే కళ్ళు తిరుగుతాయి. "వద్దత్తయ్యగారూ, మీరే వెళ్ళండి" అంటే సరిపోయేది. కానీ ఆవిడ అంత మర్యాదగా ఇస్తుంటే కాదంటే బాగుంటుందా?

"అలాగేనండీ," అన్నాడు.

"మీకెందుకీ తిప్పలు? హాయిగా పడుకోరాదూ?" అని భార్య హైమ విసుక్కుంది.

"ఊరుకో, ఏమైనా అనుకుంటారు," అన్నాడు.

తెల్లవారుజామున చలిలో, సగం నిద్రలో బుట్ట ఎక్కాడు. నెత్తిమీద మంట భగ్గుమంది. నేల కిందికి జారిపోయింది. అంతే! మాస్టారు బుట్ట అడుగున చతికిలబడి కళ్ళు గట్టిగా మూసుకున్నాడు. సూర్యుడు ఎటు వచ్చాడో, కోట ఎటు పోయిందో దేవుడికెరుక. గంటసేపూ "ఎప్పుడు దిగుతాం?" అని తప్ప మరో మాట లేదు.

బెలూన్ దిగిన చోటికి వర్ధనమ్మ జీపులో వచ్చింది.

"ఎలా ఉంది అల్లుడుగారూ? ఊరంతా కనిపించిందా?" అని ఆత్రంగా అడిగింది.

అబద్ధమాడే ఓపిక కూడా అతనికి లేకపోయింది. "నేను కళ్ళే తెరవలేదత్తయ్యగారూ. నాకు ఎత్తంటే భయం. నిన్న ఆ మాట చెప్పలేకపోయాను," అన్నాడు.

వర్ధనమ్మ నేలమీదికి ఒరుగుతున్న బెలూన్ వైపు చూసింది.

"నాకు ఎక్కాలనే ఉంది నాయనా," అంది. "మీరు వద్దంటారేమోనని చూశాను."

పార్థసారథికి గుండె కలుక్కుమంది. పరుగున వెళ్ళి బెలూన్ వాళ్ళను బతిమాలాడు.

"ఎండెక్కింది, గాలి లేచింది. ఇక రేపు పొద్దున్నే," అన్నారు వాళ్ళు.

మధ్యాహ్నమే వీళ్ళ రైలు. వర్ధనమ్మ నేలమీద పరిచిన బెలూన్ గుడ్డను ఒకసారి చేత్తో తడిమి, వచ్చి జీపులో కూర్చుంది.

మొహమాటానికి పోయి మనసులో మాట మింగేస్తే మనకూ సుఖం ఉండదు, ఎదుటివాళ్ళకూ దక్కాల్సింది దక్కదు.