నూకాలు దుకాణంలో కొసరు

మకుటవరాన్ని ఏలిన దండపాణిరాజుగారికి ఒకనాటి పొద్దున్న పళ్లు తోముకుంటుండగా ఓ ఊహ తట్టింది. ఆయనకు ఊహ తట్టిందంటే రాజ్యం మొత్తానికి జ్వరం వచ్చిందన్నమాటే.

"మన అంగడివీధిలో చిన్న దుకాణాలు తాతలనాటి నుంచీ చిన్నగానే ఉన్నాయేం? ఖజానాలోంచి పెట్టుబడి ఇవ్వండి! మంచి సలహాదారుణ్ణి పెట్టండి! నెల తిరిగేలోగా పెరిగి తీరాలి. పెరగలేదా, మిగతా సొమ్ముతో నాకు ఉయ్యాల మంటపం కట్టించెయ్యండి!"

ఆ గర్జనకు కోటగోడ మీది పావురాలు అదిరిపోయి, పక్క రాజ్యంలో దిగి గుడ్లు పెట్టాయి. ఇది ఊరంతా ఎరిగిన సంగతే.

సలహాదారుగా వాణిజ్య వాచస్పతి గంభీరరాయలు కుదిరాడు. వ్యాపారం మీద ఏడువేల తాటాకుల గ్రంథం రాసిన ఘనుడు. జన్మలో ఒక్క తమలపాకు అమ్మి ఎరగడు.

మొదటి విడత పెట్టుబడి, వేయించిన సెనగలు అమ్ముకునే నూకాలుకు దక్కింది. కొత్త మూకుడు వచ్చింది. నెత్తిన పందిరి వచ్చింది. వాటి వెనకాలే రాయలవారు కూడా వచ్చారు.

"ఇదిగో అమ్మీ, సోలెడు కొలిచాక పైన ఓ పిడికెడు పోస్తున్నావే, ఏమిటది?"

"కొసరు బాబూ."

"దానికి డబ్బు పుచ్చుకుంటున్నావా?"

"కొసరుకి డబ్బులేటి బాబూ! మా అత్త ఏసేది, నానూ ఏత్తన్నాను."

"రోజుకు నూరు పిడికిళ్లు! ఏడాదికి ఓ కొండ! నీ దుకాణం పెరగకుండా ఆ కొండే అడ్డం పడుకుంది. నేటి నుంచి కొసరు ఆపెయ్. వేశావో, రెండో విడత రాదు."

నూకాలు భయపడి ఆపేసింది. సోలెడు పోయించుకున్నవాళ్లు కాసేపు నిలబడి చూశారు. మొహం ముడుచుకుని వెళ్లారు. మళ్లీ రాలేదు. మూడో వారానికి ఆ దుకాణం మీద ఈగలు కూడా వాలడం మానేశాయి.

గడువుకు ఒక్కరోజు ఉందనగా నూకాలు పరుగెత్తుకుంటూ గవరయ్య దగ్గరికి వెళ్లింది. గవరయ్యంటే రాజుగారి వంటశాలకు సరుకులు కొనే మనిషి. మా వంశానికి మూలపురుషుడు కనక పొగుడుతున్నాననుకునేరు! కళ్లు మూసుకుని, బుట్టలో దొర్లిన చప్పుడు వినే వంకాయ ముదురో లేతో చెప్పేవాడు. అతను సంతలో అడుగుపెడితే మిరపకాయలు తమ ధర తామే తగ్గించుకునేవి.

"గవరయ్య మావా! రేపు మూకుడు లాగేసుకుంటారంట. పందిరి పీకేత్తారంట. నానూ నా పిల్లలూ ఏటి తినాల?"

"ఏడవకు. రేపు బుట్ట, సోల పట్టుకుని కొలువుకి రా. నేను చెప్పినవాళ్లకి సోలెడు కొలిచి పొయ్యి. ఆపైన చేతులు కట్టుకు కూర్చో. ఉలకొద్దు, పలకొద్దు."

మర్నాడు సభ నిండిపోయింది. రాజుగారి మనసు అప్పటికే సగం ఉయ్యాలెక్కి ఊగుతోంది.

"దోషం నా శాస్త్రంలో లేదు ప్రభూ, ఈమె సెనగల్లో ఉంది. రుచి లేదు!" అన్నాడు రాయలు.

"కొసరు ఆపడంలో ఉంది ప్రభూ," అన్నాడు గవరయ్య. "ఆ పెట్టుబడితో పంట చేతికొచ్చే వేళ బస్తాల లెక్కన సెనగలు కొని పెట్టుకోమని చెప్పి ఉంటే, చౌకగా కొన్నదాంట్లోంచే కొసరు వచ్చేది. కొసరు కోసం జనం వచ్చేవారు. దుకాణం పెరిగేది."

"ఉల్లిపాయలు మోసేవాడివి, నాకు వ్యాపారం నేర్పుతావట్రా?"

"అయ్యయ్యో, ఎంతమాట! నేర్చుకుందామనే వచ్చాను. సెనగల్లో దోషమన్నారు కదా, తమరే సోలెడు కొని రుచి చూసి చెప్పండి. పనిలో పనిగా కొసరు వల్ల నష్టాలేమిటో కూడా కాస్త వినిపించండి, మాలాంటివాళ్లం బాగుపడతాం."

రాయలు ఉబ్బిపోయాడు. ఓ కాసు పడేసి, ఉత్తరీయం చెంగు చాచాడు. నూకాలు సోలెడు కొలిచి పోసింది. చేతులు కట్టుకు కూర్చుంది.

"నష్టం ఒకటి! కొసరు సోమరితనానికి తల్లి!" స్తంభాలు వణికాయి. "నష్టం రెండు! కొసరు లాభానికి శత్రువు!"

చెంగు చాచే ఉంది.

"నష్టం తొమ్మిది! కొసరు వల్ల జనంలో అడుక్కునే బుద్ధి పెరుగుతుంది!"

చెంగు ఓ జానెడు ముందుకు వచ్చింది.

నలభయ్యో నష్టం దగ్గర సభలో ఒక్కడూ రాయలవారి మొహం చూడటం లేదు. అందరి కళ్లూ చెంగు మీదే. అరవైమూడో నష్టం దగ్గర, ఉపన్యాసం ఆపకుండానే ఆయన నూకాలు వైపు చిరాగ్గా చూసి, చెంగును రెండుసార్లు టపటపా కదిపాడు.

రాజుగారు సింహాసనం మీంచి ముందుకు వంగాడు.

"రాయలవారూ, సెనగలు పోసి అరగడియ అయింది. చెంగు ముడెయ్యరేం?"

"వేస్తాను ప్రభూ, ఈవిడ ఇంకా..."

"ఇంకా?"

రాయలు గబగబా చెంగు ముడేసుకున్నాడు. అప్పుడు గవరయ్య వినయంగా చేతులు జోడించాడు.

"ప్రభూ, రాయలవారి నోరు చెప్పినట్టు చెయ్యమంటారా, చెయ్యి చెప్పినట్టు చెయ్యమంటారా?"

ఇక చూడండి! ఆ నవ్వులకు సభామంటపం కప్పు నాలుగు బారలు పైకి లేచి, మళ్లీ సరిగ్గా తన చోటే కూర్చుంది. రాజుగారు పొట్ట పట్టుకుని నవ్వుతూనే, రెండో విడత కింద నూకాలుకు ఇరవై బస్తాల సెనగలకు సరిపడా పెట్టుబడి ఇప్పించాడు. తన చేతి బంగారు కడియం ఊడదీసి గవరయ్యకు తొడిగి, అంగడివీధికంతా సలహాదారును చేశాడు. రాయలవారు మాత్రం నెల్లాళ్లు నూకాలు దగ్గర కూర్చుని వ్యాపారం నేర్చుకోవాలని ఆజ్ఞ వేశాడు.

నూకాలు ఆయన్ను కిందనుంచి పైదాకా ఓసారి తేరిపార చూసింది.

"ఆ తలపాగా తీసేసి కూకోండి బాబూ. పొయ్యికాడ అంటుకుంటాది."