పొలిమేర నుంచి వెనక్కి వచ్చిన బండి

అందరూ సర్దుకున్నారా? వెనకవాళ్ళకి వినబడుతోందా? మనల్ని చల్లగా చూసే ఆ తల్లిని ఒక్కసారి తలుచుకుని వినండి.

ఒకానొక రాజ్యంలో, ఎక్కడని అడక్కండి, గజకేసరి భూపతి అని ఒక రాజుగారుండేవారు. ఆయన నడిచొస్తుంటే ముందు బిరుదులొచ్చేవి, చాలాసేపటికి ఆయనొచ్చేవారు. ఒకనాడు ఆయనకి గొప్ప ఆలోచన పుట్టింది. ‘నా రాజ్యంలో ఏదీ ఊరికే తినకూడదు!’

అంతే. పట్టపుటేనుగుని పెళ్ళి ఊరేగింపులకి అద్దెకిచ్చారు. తోటలో నెమళ్ళు రాల్చిన ఈకల్ని అంగట్లో పెట్టించారు. ఆఖరికి ఆయన కన్ను ఓషధిశాల మీద పడింది.

రాజుగారి తాతగారు కట్టించిన చోటది. అక్కడ నాగసానమ్మ అనే పెద్ద వైద్యురాలు శిష్యుల్ని పెట్టుకుని, అంతుచిక్కని రోగాలకి మందు వెతికేది. నూరడం, కాచడం, కుదరకపోతే పారబోసి మళ్ళీ నూరడం. కుదిరిన మందు ఊరందరికీ ఊరికే పంచేవారు. ఖర్చు ఖజానాది.

“ఇక ఖజానా నుంచి చిల్లిగవ్వ రాదు,” అన్నారు రాజుగారు నిండు కొలువులో. “దసరాలోగా ఓషధిశాల తన కూడు తనే సంపాదించుకోవాలి. లేదా, తాళం!”

“ప్రభూ, ఇంకా రాని రోగానికి మందు వెతుకుతున్నాను. దానికి ఈ రోజు డబ్బిచ్చేదెవరు?” అంది నాగసానమ్మ.

“ఏనుగు సంపాదిస్తోంది. నీకేం రోగం?”

కొలువంతా నవ్వింది. నాగసానమ్మ తల వంచలేదు.

కొలువులో తిప్పన్న అని ఒక మాటకారి ఉండేవాడు. నవ్వనివాడు వాడొక్కడే. లేచి చేతులు కట్టుకున్నాడు. “మహాప్రభూ, ఆ సంపాదనేదో నాకొదిలేయండి. ఒక్కటే వరం. రాబడి కోసం మేమేం చేసినా ఎవరూ అడ్డు రాకూడదు.”

“ఇచ్చాం పో! ‘ఆడి తప్పని దొర’ అన్న బిరుదు ఊరికే వచ్చిందా?”

మన వాడుక మీకు తెలుసుగా. జ్వరాలు తగ్గాక అమ్మవారిని బండిలో కూర్చోబెట్టి, డప్పులతో, వేపమండలతో పొలిమేర దాకా సాగనంపుతాం. ‘పోయిరా తల్లీ’ అని పసుపునీళ్ళు చల్లి, వెనక్కి తిరిగి చూడకుండా ఇల్లు చేరతాం.

ఆ మంగళవారం డప్పులు మోగాయి. వేపమండలు ఊగాయి. జనం గుమ్మాల్లోకి వచ్చి చూద్దురు కదా, బండి పొలిమేర నుంచి ఊళ్ళోకి వస్తోంది!

టపటపా తలుపులు పడ్డాయి. తల్లులు పిల్లల్ని కొంగు కింద దాచుకున్నారు. ఎర్రగుడ్డ కప్పిన ఆ బండి సరాసరి వెళ్ళి కోట వాకిట్లో ఆగింది.

“ఇదే విడిది తల్లీ! దిగు, దిగు!” అని కేకేశాడు తిప్పన్న.

రాజుగారు మేడ మీద నుంచి తొంగి చూశారు. “ఒరే తిప్పన్నా! ఎవర్రా ఆ బండిలో?”

“చలిజ్వరపు తల్లిని పిలుచుకొస్తున్నాం ప్రభూ. నాగసానమ్మగారి మందు కుదిరాక సాగనంపాం చూడండి, ఆ తల్లినే.”

“నీకు మతి పోయిందా!”

“వ్యాపారం ప్రభూ! జ్వరం లేని ఊళ్ళో జ్వరం మందు కొనేదెవరు?”

“అయితే మా వాకిట్లోకెందుకు?”

“కూలివాడికి జ్వరమొస్తే మాకు గుప్పెడు చోడిగింజలొస్తాయి. అదే తమకొస్తే...”

రాజుగారి చేతులు వాటంతటవే జోడయ్యాయి. “భటులారా!” అని అరవబోయారు. సరిగ్గా అప్పుడే, రాజుగారు బయటికొచ్చారు కదాని, కింద బిరుదులు చదివే వంది ఎత్తుకున్నాడు: “ఆడి తప్పని దొర, గజకేసరీ...”

“నోర్ముయ్యరా!” అన్నారు రాజుగారు.

నాగసానమ్మ ముందుకొచ్చింది. “రాజా, నేనేమీ సంపాదించలేదన్నారు. ఆ మందు కుదిరాక చలిజ్వరంతో పోయిన బిడ్డని ఒక్కణ్ణి చూపించండి, ఓషధిశాలకి నేనే తాళం వేస్తాను. చూపించలేరా? నా సంపాదన అదే. వచ్చే రోగం పేరు నాకూ తెలియదు. అది వాకిట్లో దిగాక వేరు నూరడం మొదలుపెట్టమంటారా?”

రాజుగారు మెట్లు దిగొచ్చారు. కిరీటం లేదు, బిరుదుల్లేవు. బండికి వంగి దండం పెట్టారు. “తప్పయింది తల్లీ, శాంతించు. ఆజ్ఞ వెనక్కి తీసుకుంటున్నాను. తిప్పన్నా, నీకు పుణ్యముంటుంది, బండి తిప్పరా!”

తిప్పన్న ఎర్రగుడ్డ లాగేశాడు. లోపల పసుపు పూసి బొట్టు పెట్టిన రాతి కల్వం ఉంది. ఓషధిశాలలో మందు నూరే కల్వం!

“అమ్మవారితో ఆటలాడేటంత పాపం నేను చెయ్యను ప్రభూ. ఆ తల్లి దయ నిలిచింది ఈ కల్వంలోనే, తమరు ఇప్పుడు దండం పెట్టిందీ దీనికే.”

రాజుగారు తెల్లబోయి చూశారు. తరవాత పొట్ట పట్టుకుని నవ్వడం మొదలెట్టారు. “ఓషధిశాల ఖర్చు ఎప్పటిలాగే ఖజానాది. ఆ పైన పట్టపుటేనుగు అద్దె కూడా ఇక దానిదే! నువ్వు ఆ ఏనుగెక్కి ఊరేగుతూ ఇంటికెళ్ళరా తిప్పన్నా.”

తిప్పన్న ఏనుగు మీద కాలు వెయ్యబోయాడు.

“ఆగరా అబ్బాయీ,” అంది నాగసానమ్మ చెయ్యి చాపి. “ముందు అద్దె కట్టు. ఆ డబ్బిప్పుడు ఓషధిశాలది.”

రాజుగారు మళ్ళీ ఘొల్లున నవ్వి, తన మెళ్ళో హారం తీసి ఆవిడ చేతిలో వేశారు.

ఆ కల్వం చల్లగా ఉండాలి, మనమూ చల్లగా ఉండాలి. ఏదీ, ఒక్కసారి గట్టిగా దండం పెట్టండి!