మండపంలో గేదె

రేవులో కొత్త మండపానికి కట్టిన పరదా తీయగానే సన్యాసమ్మ గుండెల్లో రాయి పడింది. పాలరాతి స్తంభాలు ధగధగలాడుతున్నాయి. పడవ మాత్రం ఎక్కడా లేదు.

పాత పడవ చివికిపోయిందని, కొత్తది కొంటామని ఊరందరి దగ్గరా పన్ను వసూలు చేశారు. అదంతా మండపానికే అయిపోయిందట.

"పడవ కోసం ఎదురుచూసేవాళ్ళు హాయిగా కూర్చోవద్దూ!" అన్నాడు రేవు అధికారి జగ్గరాజు.

సన్యాసమ్మ పెరుగు అమ్మేది ఏటి అవతల సంతలో. దాటే దారిలేక పెరుగంతా పులిసిపోతోంది. ఓ పొద్దున పొయ్యి, చాప, గేదెతో సహా వచ్చి మండపంలో కాపురం పెట్టేసింది.

జగ్గరాజు లబోదిబోమంటూ పరిగెత్తుకొచ్చాడు. "రేపు రాజుగారొస్తున్నారే! లే! ఇది పడవ కోసం చూసేవాళ్ళది!"

"నేనూ అందుకే కూర్చున్నాను బాబూ. పన్ను కట్టినదాన్నే. పడవ రాగానే లేచిపోతాను."

చేసేదిలేక జగ్గరాజు తన షికారు పడవ తెప్పించాడు. సన్యాసమ్మ పెరుగు కుండలతో ఎక్కి కూర్చుంది.

"మరి గేదె?"

"నేను తిరిగి రావాలి కదా బాబూ. నా పడవ కోసం అది ఎదురుచూస్తుంది."

సాయంత్రం అదే పడవ ఆమెని తిరిగి దించింది. పేడ వాసనకి ముక్కు మూసుకుని జగ్గరాజు చేతులు జోడించాడు. "రోజూ పడవ నడుపుతాను తల్లీ, ముందు గేదెని విప్పు!"

పలుపు మీద చెయ్యేసి సన్యాసమ్మ ఆలోచనలో పడింది. విప్పితే రాజుగారు వెళ్ళాక ఈ మాట నిలుస్తుందో లేదో, ఉంచితే రాజుగారి కోపం ఎవరి మీద పడుతుందో! మీరే చెప్పండి, ఇప్పుడేం చెయ్యమంటారు? విప్పమంటారా, రాజుగారు వచ్చేదాకా ఉంచమంటారా?