నాంచారి ముద్ద

అనగనగా ఒక ఏరు. ఏటికి అటు కొన్ని ఊళ్లు, ఇటు కొన్ని ఊళ్లు. ఊళ్లున్నాక కథలు చెప్పేవాళ్లు ఉండాలి కదా, ఉన్నారు. వాళ్లలో చాలామందికి దొరల అండ ఉండేది. పట్టు తలపాగాలు కట్టి, ఎడ్లబండి మీద తిరిగేవాళ్లు. ఒక్క జట్టుకు మాత్రం ఏ దొరా లేడు. ఏ ఊరు రమ్మంటే ఆ ఊరికి నడిచిపోయి, చాటెడు బియ్యం పెడితే తీసుకుని పాడేవాళ్లు.

ఆ జట్టులో ముగ్గురు. తంబురా పట్టి కథ నడిపేవాడు ఎర్రన్న. అతని గొంతు మంచిది, చెప్పుకునే గొప్పలు ఇంకా మంచివి. అటు పక్కన డోలు కొడుతూ జనాన్ని నవ్వించేవాడు అతని బావమరిది సోమిగాడు. ఇటు పక్కన మట్టి గుమ్మెట వాయించేది ఎర్రన్న చెల్లెలు నాంచారి. రాజు యుద్ధానికి పోతే ఆమె 'తందాన' అనాలి. రాణి ఏడిస్తే 'తందాన' అనాలి. రాజ్యం మునిగినా తందానే. అంతకు మించి ఆమె నోట ఇంకో మాట ఎవరూ వినలేదు.

నాంచారి పుట్టు మూగదేమీ కాదు. ఆమె మొగుడు పిచ్చయ్య ఏట్లో పడవ నడిపేవాడు. ఒకనాడు పొద్దున్నే పులుసులో ఉప్పు తక్కువైంది. "మా అమ్మ చేతి పులుసు ఇలా ఉండదు" అన్నాడు పిచ్చయ్య. "అయితే మీ అమ్మ దగ్గరికే పో" అంది నాంచారి. ఇలాంటి మాటలు పడని ఇల్లెక్కడుంది? పొద్దున అనుకుంటాం, సాయంత్రానికి మరిచిపోతాం. కానీ పిచ్చయ్య కలిపిన ముద్ద కంచంలోనే వదిలేసి లేచిపోయాడు. నాంచారికి పౌరుషం అడ్డొచ్చింది, వెనక్కి పిలవలేదు. ఆ పూటే ఏరు పొంగింది. పడవ దొరికింది గానీ మనిషి దొరకలేదు.

అందరూ పడవ తిరగబడి పోయాడన్నారు. నాంచారి మనసులో మాత్రం ఒక్కటే మాట. ఆకలితో పోయాడు, పిలిస్తే తినేవాడు. ఆ మాట ఎవరికీ చెప్పుకోలేదు, అన్నకైనా సరే. రోకలి పట్టినప్పుడు తనలో తనే ఒక పాట కట్టుకుని పాడుకునేది.

*కోపముంటే ఉండనీ మావా, కూడు తిని పో*
*మాటకు మాట రేపందువు, ముద్ద తిని పో*
*ఏరు ఎక్కడికీ పోదు మావా, ఎంగిలిపడి పో*

ఒకసారి కుమ్మరోళ్ల ఊళ్లో దీపాలు పెట్టే వేళ కథ మొదలైంది. రాజు కోట దాటకముందే ఎర్రన్న గొంతు బొంగురుపోయింది. సోమిగాడు తనకొచ్చిన వేషాలన్నీ వేశాడు. అవీ అయిపోయాయి. జనం చాపలు దులుపుకుని లేస్తున్నారు. ఆ పూట బియ్యం పోయినట్టే. అప్పుడు నాంచారి గుమ్మెట మీద వేలు వేసి, తన పాట ఎత్తుకుంది. లేచినవాళ్లు నిలబడిపోయారు. నిలబడినవాళ్లు కూర్చున్నారు. మళ్లీ పాడమ్మా అన్నారు. పాడింది. మళ్లీ అన్నారు. మళ్లీ పాడింది.

వాళ్లు ఏరు దాటేలోపే పాట ఏరు దాటేసింది. పశువులు కాసేవాళ్లు పాడారు, నాట్లేసేవాళ్లు పాడారు, నీళ్లకు పోయేవాళ్లు పాడారు. దొరల అండ ఉన్న జట్లు మూతి విరిచాయి. రాజులేరీ, యుద్ధాలేవీ, ఇదేం కూటి పాట అన్నాయి. అన్నాక ఇంటికెళ్లి చాటుగా నేర్చుకున్నాయి. పాపం ఎర్రన్నకే చిక్కొచ్చిపడింది. శత్రువు తల నరికే చోట ఊపిరి బిగబట్టి ఆపితే, జనంలోంచి ఎవరో, "అదంతా సరే గానీ, ఆ కూటి పాట ఎప్పుడు?" అనేవాళ్లు.

ఒక పెళ్లికి వాళ్లను పిలిచారు. పెళ్లికొడుకు అలకపాన్పు ఎక్కాడు. పాడి ఆవు ఇస్తే గానీ అన్నం ముట్టనని మొహం గోడకు తిప్పాడు. ఆడపెళ్లివాళ్లకు ఇంతకన్నా మంచి అదను ఏముంది? చుట్టూ చేరి, చప్పట్లు కొడుతూ, 'కోపముంటే ఉండనీ మావా' అని అందుకున్నారు. పందిరంతా పగలబడి నవ్వింది. గుమ్మెట మీద నాంచారి చేయి ఆగిపోయింది. ఆ పాట ఎవరి కోసమో అక్కడ ఎవరికీ తెలియదు కదా, వాళ్లనేం అనగలం? ఆమెకు మాత్రం పిచ్చయ్య కంచం చుట్టూ చేరి నవ్వుతున్నట్టే అనిపించింది. ఇక ఆ పాట పాడనని ఆ సాయంత్రమే అన్నతో చెప్పేసింది.

మొదటి ఊరు పాట కోసం చూసి చూసి గొణుక్కుంది. రెండో ఊరు చాటెడు పెట్టేచోట చారెడు పెట్టింది. మూడో ఊరు ఆ మాత్రం కూడా పెట్టలేదు. ముగ్గురూ పస్తులున్నారు. గొప్పలు చెప్పుకునే మనిషే గానీ, ఎర్రన్న మనసు బంగారం. పాడమని చెల్లెల్ని ఒక్క మాట అడగలేదు.

ఆ మూడో ఊళ్లోనే ఒక ముసలమ్మ వాళ్లను అరుగు మీద కూర్చోబెట్టి గంజి పోసింది. కూటి పాట అమ్మాయివి నువ్వేనా అని నాంచారిని అడిగింది.

"అవును. ఇప్పుడు పాడటం లేదు" అంది నాంచారి.

ముసలమ్మ పక్కన కూర్చుంది. "మావాడు నాతో తగువు పెట్టుకుని, కంచం తోసేసి పోయాడమ్మా. సందు చివర పిల్లలు నీ పాట పాడుతున్నారంట. అది విని వెనక్కొచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. వాడూ మాట్లాడలేదు, నేనూ మాట్లాడలేదు. అన్నం పెట్టా. తిని పోయాడు."

"మళ్లీ వచ్చాడా?"

"రాలేదు. పనికిపోయిన ఊళ్లో అమ్మవారు పోసి, అక్కడే పోయాడు. అయినా నా చేత్తో పెట్టింది తిని పోయాడమ్మా. అది తల్చుకునే బతుకుతున్నా."

నాంచారి ఆమె రెండు చేతులూ పట్టుకుని భోరుమంది. ఉప్పు తక్కువైన పులుసు సంగతి, పిలవని పిలుపు సంగతి, అన్నీ చెప్పేసింది. అన్న, సోమిగాడు అక్కడే ఉండి విన్నారు. తనకు దొరకనిది ఈ తల్లికి దొరికిందని నాంచారికి సంతోషం వేసింది, ఏడుపూ వచ్చింది.

మర్నాటి నుంచి మళ్లీ పాడింది. పెళ్లిళ్లకూ పోయింది. అలకపాన్పు దగ్గర జనం నవ్వుతుంటే సోమిగాడికి కడుపు మండిపోయేది. "వదినా, ఆ నవ్వులు వింటూ ఎలా వాయిస్తున్నావు?" అన్నాడు.

"నవ్వనీరా. నవ్వుకుంటూ అయినా తింటున్నారు కదా" అంది నాంచారి.

అలా పాడుతూ పాడుతూనే ముసలిదైంది. ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి పోతూ దారిలోనే కన్నుమూసింది. ఎర్రన్న, సోమిగాడు పచ్చి మంచినీళ్లయినా ముట్టకుండా కూర్చున్నారు. ఆ ఊరి ఆడవాళ్లు అన్నం తెచ్చి ముందు పెట్టారు. తినమంటే తినలేదు. అప్పుడు వాళ్లు ఆమె పాటే పాడారు. ఎర్రన్న ఏడుస్తూనే తిన్నాడు.

నాంచారికి గుడి లేదు, రాయి లేదు. ఆ ఏటి ఊళ్లలో మాత్రం ఇప్పటికీ తింటున్న మనిషితో ఎవరూ తగువు తీయరు. మా అవ్వా తాతా జన్మంతా పోట్లాడుకున్న మనుషులే. అయినా చెయ్యి కడుక్కునేదాకా నోరెత్తేవాళ్లు కాదు. ఇంట్లోంచి ఎవరైనా అలిగి బయల్దేరితే, లోపలివాళ్లు అన్నం కలిపి ఒక ముద్ద పట్టుకుని గుమ్మందాకా వస్తారు. దాన్ని నాంచారి ముద్ద అంటారు. పెట్టేవాళ్లు మాట్లాడరు, తీసుకునేవాళ్లు మొహం ఇటు తిప్పరు. కోపం కోపంగానే ఉంటుంది. చెయ్యి మాత్రం చాపుతారు.