తట్టి చూడని సన్నాయి పెట్టె

అనగనగా ఒక ఊళ్ళో, కాలవ వంతెన దిగగానే ఎడంచేతి పక్క, మాణిక్యం అని ఒకావిడ ఉండేదమ్మా. దుప్పటి కాళ్ళదాకా లాక్కో. ఊ కొడుతూ ఉండు, లేకపోతే పడుకున్నావనుకుని ఆపేస్తాను.

ఆ మాణిక్యం పనేంటంటే, పాతకాలం వాయిద్యాల పెట్టెలు బాగుచెయ్యడం. వీణలూ ఫిడేళ్ళూ కాదు, అవి పడుకునే పెట్టెలు. ఖాళీ పెట్టె తెచ్చి ముందు పెడితే చాలు, ఇందులో ఏముండేదో చెప్పేసేది. ఒక చివర కుండలా ఉబ్బితే వీణది. నడుం నొక్కినట్టుంటే ఫిడేలుది. సన్నగా మొదలై చివర బూరలా విచ్చుకుంటే సన్నాయిది. మేకు తల చూసి ఎవరి తాతల నాటిదో కూడా చెప్పేది.

ఈ పని వాళ్ళ నాన్న నేర్పాడు. ఆయన ఒకటే మాట అనేవాడు. "ముందు తట్టు, తర్వాత ముట్టు." అంటే, పెట్టె రాగానే వేలి కణుపుతో తట్టి వినాలి. గట్టి చెక్క ఖంగుమంటుంది. పుచ్చిన చెక్క మూలుగుతుంది.

ఒకనాడు సన్నాయి కోటిలింగం వచ్చాడు. ఆ ఊరి జాతరలో మొదటి పాట ఆయన సన్నాయిదే. అది పలికితేనే అమ్మవారు గుళ్ళోంచి బయటికొచ్చేది. ఆయన పెట్టెని నెత్తిన పెట్టుకుని తెచ్చాడు. దాని నిండా పసుపు, మూత మీద కుంకం బొట్లు.

"అమ్మాయ్, ఇది మా తాత నాటి పెట్టె. మూత బందు ఊడింది. జాతరకి ఇచ్చెయ్యాలి. అందాకా సన్నాయి ఇంట్లో ఎక్కడో ఒకచోట ఉంటుందిలే" అన్నాడు.

మాణిక్యం తడదామని వేలు మడిచింది. చూస్తే బొట్లు. ఎదురుగా ఆయనేమో చేతులు కట్టుకుని, గుళ్ళో నిలబడ్డట్టు నిలబడ్డాడు. దేవుడిలా చూసుకునే పెట్టెని ఆయన ముందే ఎలా కొట్టేది? సిగ్గేసింది. వేలు వెనక్కి తీసుకుంది. "ఇస్తాను బాబాయ్" అంది.

ఆయన వెళ్ళాక బందు మార్చింది. ఇత్తడి పిడి చింతపండుతో తోమింది. చెక్కకి నూనె పట్టించింది. పెట్టె పెళ్ళికూతురిలా తయారైంది. ఆ తర్వాత, అడుగున ఒక మేకు వదులుగా ఉందని కత్తి మొన పెట్టింది. పెరుగన్నంలోకి గరిటె దిగినట్టు కత్తి దిగిపోయింది.

చెదలమ్మా, చెదలు! పైన అట్టంత చెక్క వదిలేసి, లోపలంతా తినేసి మన్ను నింపాయి.

మాణిక్యం గుండె గుభేలుమంది. నేనే పాడుచేశానంటారు, ఊరంతా అంటారు అనుకుంది. లక్క కరిగించి పోసింది. ఇక్కడ పోస్తే అక్కడ రాలింది. అక్కడ పోస్తే ఇంకోచోట రాలింది.

అప్పుడు కోటిలింగం వచ్చాడు.

"జిగురు ఆరలేదు బాబాయ్" అంది, పెట్టె మీద గోనెపట్టా కప్పి.

"ఆరనీలే. సన్నాయిని బియ్యం డబ్బాలో నిలబెట్టా. మీ పిన్ని బియ్యం తీసినప్పుడల్లా, అయ్యా కాస్త జరుగు అని దణ్ణం పెడుతోంది" అని ఆయన నవ్వాడు.

ఆవిడా నవ్వింది. అప్పుడే చెప్పెయ్యాల్సింది కదూ? చెప్పలేదు.

ఆ తర్వాత మళ్ళీ వచ్చాడు. ఈసారి నవ్వలేదు.

"గొళ్ళెం పట్నం నించి రావాలి బాబాయ్."

"డబ్బాలోకి ఎలకలొస్తున్నాయని సన్నాయిని అటకెక్కించా. కింద పొయ్యి. ఆ సెగ దానికి పడదమ్మా. తొందరగా కానియ్యి."

ఆయన వెళ్ళాక మాణిక్యం గుమ్మంలోనే కూలబడింది. సెగ తగిలితే ఆ కర్ర చిట్లుతుందని ఆవిడకి తెలుసు. సెగా తడీ తగలకుండా ఉండటానికే కదా పెట్టె! ఇంతవరకూ పెట్టె కోసం భయపడింది. ఇప్పుడు సన్నాయి కోసం కూడా భయం పట్టుకుంది. చెప్పాలని లేచేది. వంతెన దాకా వెళ్ళేది. తిరిగొచ్చేసేది.

మూడోసారి ఆయన రాలేదు. వాళ్ళావిడ నరసాయమ్మ వచ్చింది, చంకలో మనవరాలు.

"ఏమే మాణిక్యం, పెట్టె చేస్తున్నావా, కని పెంచుతున్నావా? మా ఆయన సన్నాయిని ఉయ్యాల్లో పడుకోబెట్టాడు. ఈ పిల్లదాన్ని చాప మీద పడేశాడు. రేపు దానికి జోల కూడా పాడమంటాడు. నేను పాడను, చెప్తున్నా!"

ఊ... నవ్వొచ్చిందా నీకు? మాణిక్యానికి మాత్రం రాలేదు.

"ఉయ్యాల ఎక్కడుంది పిన్నీ?" అని అడిగింది.

"కిటికీ పక్కనే. వాన జల్లు కొడుతోందంటే వింటాడా? దూలం అక్కడే ఉందంటాడు."

ముందు సెగ, ఇప్పుడు తడి. "వస్తాను పిన్నీ, రేపు నేనే తెస్తాను" అంది.

రేపే జాతర.

తెల్లారగానే పెట్టెని రెండు చేతుల మీదా, బాలింత బిడ్డనెత్తుకున్నట్టు ఎత్తుకుని బయల్దేరింది. అడుగు వేస్తే మన్ను, అడుగు వేస్తే మన్ను, చీర కుచ్చెళ్ళ మీద రాలుతూనే ఉంది. కోటిలింగం అరుగు ఎక్కుతుండగా పెట్టె అడుగు ఊడి పడింది. ఆయన పాదాల ముందు మట్టి, అందులో తెల్లగా చెదపురుగులు.



"తట్టి చూళ్ళేదా?" అన్నాడు కోటిలింగం.

"బొట్టు పెట్టి ఉంది బాబాయ్. తట్టబుద్ధి కాలేదు. ఆ తర్వాత చెప్పబుద్ధి కాలేదు."

ఆయన కిందకి వంగి మట్టిని వేళ్ళతో కెలికాడు. "మా తాత బొట్టు పెట్టాడు. మా అయ్య పెట్టాడు. నేనూ పెట్టాను. అందరం దణ్ణాలే పెట్టాం గానీ, ఒక్కడూ తట్టలేదు. దానికి నిన్నేమంటాను? కానీ చెప్పలేదు చూడు, అది తప్పే మాణిక్యం. పెట్టె పోతే ఇంకోదానికి చెక్క దొరుకుతుంది. సన్నాయికేమన్నా అయితే?"

"ముందు సన్నాయి చూడు బాబాయ్!" అని అరిచింది మాణిక్యం. ఆవిడ అంత గట్టిగా మాట్లాడ్డం ఆ ఊళ్ళో ఎవరూ వినలేదు.

ఉయ్యాల్లోంచి తీసి చూశారు. బూర దగ్గర, తలవెంట్రుకంత బీట. నరసాయమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. గుడి దగ్గర డోళ్ళు మొదలైపోయాయి.

"తేనె మైనం ఉందా పిన్నీ? పట్టుదారం?" అంది మాణిక్యం. "నేను పెట్టెలదాన్ని బాబాయ్. సన్నాయిల మీద ఎప్పుడూ చెయ్యి వెయ్యలేదు."

"వెయ్యి" అన్నాడాయన.

మైనం అరచేతిలో మెత్తబరిచి బీటలోకి పూసింది. పైన దారం, సందు లేకుండా వరసగా చుట్టింది. ఒక్క చుట్టూ తప్పలేదు. ఆ తర్వాత నరసాయమ్మ పాత చీర మడతల్లో సన్నాయిని చుట్టి, గుండెకి ఆనించుకుని, గొడుగు కింద గుడిదాకా తనే మోసుకెళ్ళింది.

జనం చుట్టూ మూగారు. కోటిలింగం సన్నాయి పీకని, అదే నోట్లో పెట్టుకుని ఊదే ఆకుని, తడిపి ఊదాడు. ఒట్టి గాలి వచ్చింది.

మళ్ళీ ఊదాడు. తలుపు కిర్రుమన్నట్టు ఒక కీచు. ఎవడో వెనకనించి "ముసలాడికి ఊపిరాడటంలేదురోయ్" అన్నాడు. మాణిక్యం కళ్ళు మూసేసుకుంది.

మూడోసారి ఊదాడు. పలికింది తల్లీ, పలికింది! అమ్మవారు బయటికొచ్చింది.

కానీ ఆ పాటలో ఒక్కచోట, పై స్థాయికి పోయేటప్పుడు, సన్నటి జీర. ఇదివరకు లేదు.

తర్వాత మాణిక్యం వేపచెక్కతో కొత్త పెట్టె చేసిచ్చింది. సన్నాయి అందులో హాయిగా పడుకుంది. జీర మాత్రం పోలేదు. ఏటా జాతరలో అందరూ అమ్మవారి కేసి చూస్తుంటే, ఆ జీర దగ్గర మాణిక్యం తల వంచుకునేది. అప్పుడు కోటిలింగం ఊదుతూనే ఆవిడ కేసి చూసి, పలుకుతోంది కదే అన్నట్టు కళ్ళెగరేసేవాడు.

ఊ కొట్టడం ఆపేశావా? సరే...

పెట్టె పోయె మట్టికి,
పాట పోయె గుడికి,
కథ పోయె కంచికి,
కన్ను పోయె నిద్దరకి,
మనం పోదాం ఇంటికి.