కాలని పరుపు

అనగనగా ఒక అడవి. ఆ అడవి పక్కనే తారురోడ్డు, రోడ్డుకి అవతల పట్నం. పట్నంవాళ్ళు తమకి అక్కర్లేనివన్నీ లారీలో తెచ్చి అడవి అంచున పారబోసి పోయేవాళ్ళు. అడవిని చెత్తకుండీ అని ఎవరూ అనలేదు గానీ, వాళ్ళ లెక్కలో అది అదే.

ఆ అడవిలో ఒక పిల్లి ఉండేది. పోయిన వేసవిలో కార్చిచ్చు వచ్చి దాని పిల్లలు రెండూ కాలిపోయాయి. తల్లి వేటనుంచి తిరిగొచ్చేసరికి బూడిదే మిగిలింది. ఈ ఏడు మళ్ళీ మూడు పిల్లల్ని పెట్టింది. దూరాన కాస్త పొగ కనబడినా దాని గుండె జారిపోయేది.

ఒకనాడు లారీ వచ్చి పాత సోఫా పరుపు ఒకటి పడేసింది. రోజూ పట్నం తిరిగొచ్చే కాకి అది చూసి, పిల్లిని పిలుచుకొచ్చింది.

"వదినా, నీ పిల్లల్ని దీనిమీద పడుకోబెట్టుకో. ఇది కాలదు" అంది కాకి.

పిల్లి నమ్మలేదు. కాకి వెళ్ళి రోడ్డు మీద ఎవరో పడేసిన బీడీముక్కని, నిప్పు ఆరకముందే ముక్కుతో పట్టుకొచ్చింది. ఎండుటాకుల మీద వేసింది. ఆకులు అంటుకున్నాయి. పిల్లి గబగబా మట్టి కప్పింది. కాకి ఇంకో బీడీముక్క తెచ్చి పాత గోనెసంచి మీద వేసింది. సంచీ అంటుకుంది. మూడో ముక్క తెచ్చి పరుపు మీద వేసింది. అది కాస్త నల్లబడింది, అంతే. నిప్పు ఆరిపోయింది.

పిల్లి ఇంకేమీ అడగలేదు. పరుపులోని పసుపుపచ్చ స్పాంజిని నోట కరచుకుని, ముక్కముక్కగా తన గుహకి ఈడ్చుకుపోయింది. ఆ రోజు పిల్లల మధ్య అది కంటినిండా నిద్రపోయింది.

పిల్లి జాతి సంగతి మీకు తెలుసు కదా పిల్లలూ. ఒంటి మీద నలుసు ఉంటే ఓర్చుకోదు. స్పాంజి పాతది, నలిగి పొడిపొడిగా రాలేది. ఆ పొడి పిల్లల బొచ్చుకి అంటేది. తల్లి పొద్దున నాకేది, మధ్యాహ్నం నాకేది, సాయంత్రం నాకేది. మా అమ్మ ఎంత శుభ్రమో అని పిల్లలు మురిసిపోయేవి. ఆ శుభ్రమే దాని కొంప ముంచింది.

రెండు నెలలు గడిచాయి. పిల్లి ముందుకంటే రెట్టింపు తింటోంది, అయినా ఎముకలు బయటికొచ్చాయి. ఊరికే కూర్చున్నా గుండె దడదడలాడేది. పిల్లలు మందకొడిగా ఉన్నాయి. బుల్లిది మరీను. మిడత ఎదురుగా వాలినా పంజా ఎత్తేసరికి మిడత ఎగిరిపోయేది.

పిల్లి భయపడి, ముసలి ఉడుము దగ్గరికి వెళ్ళింది. ఏం తింటున్నావని ఉడుము అడిగింది. ఎలుకలు, పూరేళ్ళు, ఎప్పుడూ తినేవే అని పిల్లి చెప్పింది.

"నోరు తెరువు అమ్మాయీ" అంది ఉడుము. "నాలుక మీద ఆ పసుపు పొడి ఏమిటి?"

పిల్లి పరుపు సంగతి చెప్పింది. ఉడుము కాకిని పిలిపించింది. కాకి తనకి తెలిసిందంతా చెప్పింది. పట్నంలో ఆ స్పాంజి చేసేటప్పుడు నిప్పు అంటకుండా బ్రోమిన్ మందు కలుపుతారట. కలిపేవాళ్ళు మూతికి గుడ్డ కట్టుకుంటారట. ఆ మందు పొడితో పాటు రాలి ఒంట్లోకి పోతుందట, కొవ్వులో చేరి కూర్చుంటుందట, తల్లిపాలలోకీ దిగుతుందట.

"ఇంత తెలిసీ నాకెందుకు చెప్పలేదు?" అంది పిల్లి.

"కాలుతుందా అన్నదే నీ భయం. కాలదని చూపించాను. మిగతాది నువ్వు అడగలేదు, నేను చెప్పలేదు" అంది కాకి.

పిల్లికి కాకి మీద ఒళ్ళు మండింది. అంతకంటే ఎక్కువగా తన మీద తనకే కోపం వచ్చింది.

పరుపుని వాగులో పడేస్తానంది. వద్దు, ఆ పొడి చేపలు తింటాయి, చేపల్ని మనం తింటాం అంది ఉడుము. పెద్ద మంట వేసి కాల్చేస్తానంది. వద్దు, ఆ పొగ ఇంకా విషం అంది కాకి. పాతిపెడతానంది. వద్దు, అది మట్టిలో కలవదు అన్నాయి రెండూ. చివరికి దాన్ని గుహలోనే వదిలి, గుమ్మానికి ముళ్ళకంప అడ్డం పెట్టి, పిల్లలతో వేరే గుహకి మారింది.

కొత్త గుహ చుట్టూ పది అడుగుల మేర ఎండుటాకు లేకుండా రోజూ గీకి పెట్టుకోమని ఉడుము చెప్పింది. పిల్లి రోజూ గీకేది. పంజాలు నొప్పెట్టినా మానలేదు. చైత్రంలో కార్చిచ్చు వచ్చింది. గీకిన నేల దాకా వచ్చి, అంటుకోవడానికి ఏమీ దొరక్క పక్కకి పోయింది.

పెద్ద పిల్లలు రెండూ మెల్లగా తేరుకుని వేట నేర్చుకున్నాయి. బుల్లిది నేర్చుకోలేదు.

కొన్నాళ్ళకి నిండుచూలాలైన కుందేలు ఒకటి వచ్చింది.

"అక్కా, నువ్వు ఆ పరుపు వాడటం లేదటగా. నాకిస్తావా? అది కాలదట కదా" అంది.

"కాలదు" అంది పిల్లి. తర్వాత బుల్లిదాన్ని పిలిచి, పక్కనున్న చిన్న రాయి ఎక్కమంది.

బుల్లిది ఎగిరింది, జారింది. మళ్ళీ ఎగిరింది, మళ్ళీ జారింది. మూడోసారి ఎగరకుండా రాయి కిందే కూర్చుని తల్లి ముఖం చూసింది. బిడ్డని అలా చూపించాల్సి వచ్చినందుకు పిల్లికి ఏడుపు వచ్చింది.

కుందేలు పరుపు మాట మళ్ళీ ఎత్తలేదు. పుట్టబోయే పిల్లల కింద పరవడానికి దారిలో పచ్చగడ్డి కోసుకుంటూ ఇంటికి వెళ్ళిపోయింది.

నీతి: ఒక ఆపదని ఆపుతుందని దేన్నైనా ఇంటికి తెచ్చుకునే ముందు, అది తనతో తెచ్చే ఆపద ఏమిటో కూడా అడగాలి.