ఏనుగు ఎగిరిందన్న ఊరు

కొండమీద కోట, కొండకింద ఏరు ఉన్న ఒకానొక రాజ్యంలో వీరభూపాలుడనే రాజు ఉండేవాడు. మనిషి చెడ్డవాడు కాడు. కానీ తనకు తోచిందల్లా లోకానికి మేలేనన్న నమ్మకం మాత్రం కాస్త ఎక్కువ.

ఏటి ఒడ్డున వారంవారం సంత జరిగేది. మేడమీద కూర్చుని దాన్ని చూస్తే కంటికింపుగా ఉంటుందని రాజుకు తోచింది. అంతే, సంతను కోట ముంగిటికి మార్చాలన్నాడు. ఆ మాట సంతలో కుండలమ్మే గంగులమ్మ చెవిన పడింది. నెత్తిన కుండల దొంతరతో ఆ నిటారు కొండ ఎక్కితే పైకి చేరేవి పెంకులే. ఆమె ఆస్థాన విదూషకుడు ఓబన్న దగ్గరికి పరుగెత్తింది.

"నాయనా, మా పొట్ట కొట్టొద్దని రాజుగారికి నువ్వన్నా చెప్పు."

"చెబుతాలే అవ్వా," అన్నాడు ఓబన్న. చిన్నప్పటినుంచీ ఎరిగిన మనిషి, కాదనలేకపోయాడు.

నాలుగు రోజులకు సభ తీరింది. అతను నోరు తెరవబోయేసరికి మంత్రి విశ్వపతి తాటాకుల కట్ట పట్టుకుని లేచాడు.

"ప్రభూ! ప్రజాభిప్రాయం సేకరించాం. వెయ్యిమందిని అడిగితే వెయ్యిమందీ సంత మార్పు భేషన్నారు!"

"అడిగిందెవరు, మంత్రివర్యా?" అన్నాడు ఓబన్న.

"మన లేఖకుడే. అటొకడు ఇటొకడు ఈటెల భటులు తోడు వెళ్లారు. రాజకార్యానికి ఆ మాత్రం హంగు ఉండొద్దూ?"

ఓబన్నకు సంగతి బోధపడింది. "ప్రభూ, ఆ లేఖకుణ్ణి, ఆ భటులను నాకూ మూడు రోజులు ఇప్పించండి. ఒక సంగతి అడిగి వస్తాను."

"సరే. పనికిరాని సంగతైతే నీ కొలువు ఊడినట్టే," అన్నాడు రాజు మీసం దువ్వుతూ.

మూడోనాడు ఓబన్న కూడా తాటాకుల కట్టతో వచ్చాడు.

"ప్రభూ, మొన్న పొద్దున మన పట్టపుటేనుగు ఏటిమీదుగా ఎగిరింది, చూశారా అని వెయ్యిమందిని అడిగాను. అందరూ చూశామన్నారు. బెల్లమమ్మే వీరిశెట్టి రెండుసార్లు చూశాడట. ఒక ముసలాయనైతే, దాని కాలు తగిలి తన పాక కప్పు లేచిపోయిందని చూపించాడు కూడా!"

సభ గొల్లున నవ్వింది.

"ఏనుగు ఎగరడమేమిట్రా!" అని రాజు గర్జించాడు.

"ఎగరదు ప్రభూ. కానీ ఈటె మొన పక్కనుంటే ఏనుగూ ఎగురుతుంది, సంతా కొండెక్కుతుంది."

మంత్రి ముఖం మాడిపోయింది. "అయితే ఎలా అడగాలో నువ్వే చూపించు!"

ఆ తర్వాతి సంతనాడు ఓబన్న గంగులమ్మ దగ్గర్నుంచి ఒక పెద్ద కాగు తెచ్చి ఏటి ఒడ్డున పెట్టించాడు. భటుల్ని కొండమీదే ఉండమన్నాడు. సంతకొచ్చిన ఒక్కొక్కరికీ ఒక చింతపిక్క, ఒక కందిగింజ ఇచ్చాడు. మార్పు కావాలంటే చింతపిక్క, వద్దంటే కందిగింజ. గుప్పిట మూసి కాగులో చెయ్యి పెట్టి ఒకటి వదలాలి, రెండోది ఏట్లో పారెయ్యాలి. ఎవరేం వేశారో పక్కవాడికి కూడా తెలియదు.

సభలో కాగు బోర్లిస్తే కందిగింజలు కుప్పపడ్డాయి. చింతపిక్కలు పదకొండే తేలాయి.

రాజు ఆ కుప్పలోంచి గుప్పెడు కందిగింజలు చేతిలోకి తీసుకున్నాడు. "ఇంతమందికి ఇష్టం లేదా? నాతో ఒక్కడూ అనలేదే!" అన్నాడు చిన్నబోయి. ఓబన్నకు ఆయన్ని చూస్తే జాలేసింది.

మంత్రి మాత్రం వదల్లేదు. "ప్రభూ, ఆ పదకొండుమందీ ఎవరో కనుక్కుని సన్మానిద్దాం!"

"కనుక్కోవడం మొదలుపెడితే పై సంతకు కాగులో చెయ్యి పెట్టేవాడుండడు, మంత్రివర్యా."

రాజు చిన్నగా నవ్వాడు. "సంత ఏటి ఒడ్డునే జరుగుతుంది," అన్నాడు. తర్వాత భటులందరినీ బయటికి పంపి, సభవైపు తిరిగాడు. "ఇప్పుడు నిర్భయంగా చెప్పండి. మా కొలువులో ఇంకేం మారాలి?"

ముందు వరసలవాళ్లు నువ్వంటే నువ్వని ఒకరినొకరు మోచేత్తో పొడుచుకున్నారు. చివరికి వెనక వరసలోంచి ఒక ముసలి పండితుడు లేచి చేతులు జోడించాడు.

"మహాప్రభూ, తమరు మాట్లాడటం మొదలుపెడితే మాకు మధ్యాహ్నం భోజనం ఉండటం లేదు. ఇరవై ఏళ్లుగా ఆకలేస్తోంది."

రాజు పొట్ట పట్టుకుని, కళ్లవెంట నీళ్లొచ్చేలా నవ్వాడు. మెడలోని ముత్యాలహారం తీసి ఓబన్న మెడలో వేసి, ఆనాటి ప్రసంగం ఊసెత్తకుండా అందరినీ విస్తళ్ల ముందుకు తీసుకెళ్లాడు.